మంచు వాలు నిలుస్తుందా, జారుతుందా?

2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో 19,600 అడుగుల ఎత్తున ఉన్న సోనమ్ పోస్టు మీద పెద్ద మంచుగోడ విరిగిపడింది. గుడారాల్లో ఉన్న 10 మంది సైనికులు దాని కింద కూరుకుపోయారు. వారిలో ఒకరు అప్పటి కర్నూలు జిల్లా పార్నపల్లెకు చెందిన సిపాయి ముస్తాక్ అహ్మద్. ఆరో రోజుకు ప్రాణాలతో బయటికి తీసిన లాన్స్‌నాయక్ హనుమంతప్ప కూడా ఫిబ్రవరి 11న ఢిల్లీ సైనిక ఆసుపత్రిలో చనిపోయాడు. పదిమందిలో ఒక్కరూ మిగల్లేదు.

జహీరాబాద్ పక్కన రాయికోడ్ లాంటి చోట మంచు అంటే చలికాలం పొద్దున శనగచేల మీద కమ్మే పొగమంచు, ఎండాకాలం ముందర మామిడి పిందెల్ని రాల్చే వడగళ్ళు. అంతకుమించి మనకు దానితో పనేముంది అనిపిస్తుంది. లెక్క తీస్తే పని బాగానే ఉంది. సరిహద్దు పోస్టుల్లో మన జవాన్లున్నారు. కశ్మీర్‌ను లద్దాఖ్‌తో కలిపే జోజిలా సొరంగాన్ని తవ్వుతున్నది హైదరాబాద్ కంపెనీ మేఘా ఇంజనీరింగ్. తెలంగాణ గురుకుల విద్యార్థులు 2014లోనే ఎవరెస్టు ఎక్కి వచ్చారు. డిసెంబరు సెలవులకు కేదార్‌కంఠ, బ్రహ్మతాల్ ట్రెక్కుల దారి పట్టే హైదరాబాద్ ఉద్యోగులకు కొదవ లేదు.

వీళ్ళందరి ముందూ ఉండే ప్రశ్న ఒకటే. ఎదురుగా ఉన్న మంచు వాలు నిలుస్తుందా, జారుతుందా? ఎనభై, తొంభై ఏళ్ళుగా దీని మీద ప్రయోగశాలలు పనిచేస్తున్నాయి. స్విట్జర్లాండ్‌లోని దావోస్ దగ్గర వైస్‌ఫ్లూయోఖ్ మీద 1936లో మంచు పరిశోధన మొదలైంది. మన దేశంలో 1969లో మనాలీ కేంద్రంగా మంచు, మంచు చరియల అధ్యయన సంస్థ ‘సాసే’ను పెట్టారు. 2020లో దాన్ని మరో రక్షణ పరిశోధనాశాలతో కలిపి చండీగఢ్ కేంద్రంగా ‘డీజీఆర్‌ఈ’ని ఏర్పాటు చేశారు. ఇంత కృషి తర్వాత ఏది తేలింది, ఏది తేలలేదు, తేలినదాంట్లో పనికొచ్చేది ఎవరికి అందుతోంది అన్నది చూడటమే ఈ సమీక్ష ఉద్దేశం.

జారేవి అన్నీ ఒకటి కావు

పత్రికల్లో అన్నిటినీ ‘మంచు చరియలు’ అనే రాస్తాం. కొండ మీద మాత్రం వాటి నడతలు వేరు, వాటిని అంచనా కట్టే పద్ధతులూ వేరు.

మొదటిది పొడిపొడిగా ఉన్న పైమంచు ఒక బిందువు దగ్గర కదిలి, కిందికి వెళ్ళేకొద్దీ వెడల్పవుతూ జారడం. ఇది కంటికి కనపడుతుంది, ప్రాణం తీసేది తక్కువ. రెండోది తడి మంచు. ఎండకో వానకో నీరు పొరల్లోకి దిగి పట్టు సడలి, బరువుగా నెమ్మదిగా వస్తుంది. వేసవి మొదట్లో మధ్యాహ్నాలు దీనికి అనువైన వేళ. మూడోది హిమానీనదం అంచునో, నిట్టనిలువు గోడ మీదో వేలాడే గట్టి మంచుగడ్డ విరిగిపడటం. సోనమ్ పోస్టు మీద పడింది ఇలాంటిదే. 2014 ఏప్రిల్ 18న ఎవరెస్టు దక్షిణపు దారిలో, ఖుంబు మంచుజలపాతం దగ్గర 16 మంది నేపాలీ పనివాళ్ళను బలి తీసుకున్నదీ ఇలాంటిదే. దీనికి వేళాపాళా లేదు. ఏ పరీక్షా దీన్ని ముందుగా పట్టుకోలేదు. దాని కింద నిలబడే సమయాన్ని తగ్గించుకోవడం ఒక్కటే మన చేతిలో ఉన్నది.

నాలుగోది పలక జారడం. గట్టిపడిన పైపొర ఒకటి, దాని కింద పట్టులేని సన్నటి పొర, ఆ అడుగున నునుపైన ఆధారం. ఈ మూడూ కలిస్తే, సన్నటి పొర ఒకచోట కూలగానే పైనున్న పలక మొత్తం చుట్టూ పగిలి ఒక్కసారిగా కదులుతుంది. 50 మీటర్ల పొడవు, 50 మీటర్ల వెడల్పు, అర మీటరు మందం ఉన్న చిన్న పలకే అనుకుందాం. ఘనపు మీటరుకు 200 కిలోల చొప్పున దాని బరువు 250 టన్నులు. పర్వతాల్లో సరదాకో సాహసానికో తిరిగేవాళ్ళను చంపేది ఎక్కువగా ఇదే. అలాంటి ప్రమాదాల్లో పదింట తొమ్మిదింటికి చరియను కదిలించింది చనిపోయిన మనిషో, అతని తోటివాళ్ళో అని ఐరోపా, అమెరికా అనుభవం చెబుతోంది. వాలు దానంతటది మీద పడటం అరుదు, దాని మీదికి మనం వెళ్ళడమే ఎక్కువ. మంచు నిలకడ మీద జరిగిన పరిశోధనలో పెద్ద భాగం అందుకే ఈ పలక చుట్టూ తిరుగుతుంది.

తక్కువ మంచే ఎక్కువ ప్రమాదం

ఎంత ఎక్కువ మంచు పడితే అంత ముప్పు అనుకోవడం సహజం. ఇది సగం నిజమే. కొత్తగా పడ్డ మంచు బరువు పాత పొరల మీద పడి, పడుతుండగానో, ఆ మర్నాడో వాలును జార్చవచ్చు. ఒక్కరోజులో 30 సెంటీమీటర్లకు మించి కురిస్తే, దానికి గాలి తోడైతే ఎవరైనా వెనక్కి తగ్గాల్సిందే. అయితే ఇలాంటి కొత్త మంచు రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుంది. వారాల తరబడి వదలనిది వేరే ఉంది, అది పలచటి మంచులో పుడుతుంది.

మంచు కప్పిన నేల దాదాపు సున్నా డిగ్రీల దగ్గర ఉంటుంది. పైతలం మాత్రం ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి మైనస్ 20కి పడిపోవచ్చు. మంచు రెండు మీటర్ల మందం ఉంటే ఆ తేడా నిదానంగా పంచుకుపోతుంది, ప్రతి 10 సెంటీమీటర్లకు ఒక డిగ్రీ. అదే మంచు అర మీటరే ఉంటే ప్రతి 10 సెంటీమీటర్లకు నాలుగు డిగ్రీలు. తేడా సుమారు ఒక డిగ్రీ దాటితే కింది వెచ్చటి రేణువుల నుంచి ఆవిరి లేచి పైరేణువుల మీద గడ్డకడుతూ పోతుంది. గుండ్రంగా, ఒకదానికొకటి అతుక్కుని ఉండాల్సిన రేణువులు కోణాలు తేలి, విడివిడిగా, పెద్దపెద్ద పలుకులుగా మారతాయి. కొండెక్కేవాళ్ళు దీన్ని ‘షుగర్ స్నో’ అంటారు. పిడికిట్లోకి తీసుకుంటే ముద్ద కట్టదు, వేళ్ళ సందుల్లోంచి జారిపోతుంది.

కల్లం తెలిసినవాళ్ళకు ఇది చెప్పడం తేలిక. ఏటవాలు బండ మీద ఎండిన జొన్నలు పలచగా ఒలికి ఉండగా, వాటి మీదే బస్తాలు పేర్చారనుకోండి. బస్తా ఎంత గట్టిదైనా కింద గింజ దొర్లితే వరుస మొత్తం కదులుతుంది. బస్తాల వైపు చూస్తే మాత్రం అనుమానం రాదు. మంచు పలక కూడా పైకి అంతే దిటవుగా కనిపిస్తుంది.

అందుకే మన శాస్త్రజ్ఞులు పడమటి హిమాలయాన్ని మూడు మంచు మండలాలుగా చూస్తారు. మనాలీ, గుల్మార్గ్ ఉన్న పీర్ పంజాల్ వైపు మంచు ఎక్కువ, చలి కాస్త తక్కువ. అక్కడి చరియలు చాలావరకు పశ్చిమ అలజడులు తెచ్చే తుపానుల వెంటే వస్తాయి, తుపాను పోయాక వాలు కుదురుకుంటుంది. మహా హిమాలయ శ్రేణి మధ్యస్థం. కారకోరం వైపు మంచు పలచన, చలి తీవ్రం. బలహీన పొరలు అక్కడ చలికాలమంతా బతికే ఉంటాయి. గుల్మార్గ్‌లో నేర్చుకున్న అంచనాను లద్దాఖ్‌లో యథాతథంగా వాడితే ప్రాణం మీదికి వస్తుంది.

బలహీన పొర పైన కూడా పుట్టవచ్చు. తేమగల నిర్మలమైన రాత్రి మంచు మీద ఈకల్లాంటి స్ఫటికాలు మొలుస్తాయి. పొద్దున ఎండలో తళతళలాడుతూ చూడముచ్చటగా ఉంటాయి. ఆ మీద కొత్త మంచు పడి వాటిని కప్పేస్తే, అవి పడుకోకుండా నిలబడే ఉండి నెలరోజుల తర్వాత కూడా కూలగలవు.

ఆ కూలడం ఎలా జరుగుతుందన్న దాని మీద 2008లో హైర్లీ, గుంబ్ష్, జైజర్ ఒక ముఖ్యమైన వివరణ ఇచ్చారు. అంతకుముందు వాలు ఉంటేనే పగులు పుడుతుందన్నది సాధారణ భావన. వాళ్ళు బలహీన పొర నలిగి కిందికి కుంగడాన్ని లెక్కలోకి తెచ్చారు. మనిషి బరువుకు ఒకచోట పొర కుంగితే పైపలక వంగుతుంది, ఆ వంపు పక్క భాగాన్ని కుంగదీస్తుంది, అలా పగులు పరిగెత్తుతుంది. ఇందుకు వాలు అక్కర్లేదు. చదును మీద నడిచే మనిషి కింద మొదలైన కుంగుబాటు పైనున్న వాలును దూరం నుంచే జార్చగలదు. నడుస్తుంటే కాళ్ళ కింద ‘భుమ్’మని లోతుగా చప్పుడు రావడం, నేల అంగుళం దిగినట్టు అనిపించడం అందుకే. ఆ చప్పుడు విన్నాక ఏ పరీక్షా చేయనక్కర్లేదు, వెనక్కి తిరగడమే.

మారనిది వాలు ఒక్కటే

గాలి, చలి, మంచు గంటగంటకూ మారతాయి. కొండ వాలు మారదు. పలక చరియల్లో అత్యధికం 30 నుంచి 45 డిగ్రీల మధ్యే మొదలవుతాయి, 38 డిగ్రీల దరిదాపుల్లో మరీ ఎక్కువ. 30కి తక్కువైతే పలక కూలినా జారడం అరుదు. 50 దాటితే మంచు నిలవదు, ఎప్పటికప్పుడు చిన్నచిన్నగా రాలిపోతుంది. చిక్కేమిటంటే నడవడానికి, స్కీ చేయడానికి ఉత్సాహాన్నిచ్చే వాలు కూడా సరిగ్గా ఈ మధ్యలోదే.

డిగ్రీలు కంటితో తేలవు. తెల్లటి మంచులో 28కీ 34కీ తేడా అనుభవజ్ఞులే పొరబడతారు. వాలు కొలిచే చిన్న పరికరం వందల రూపాయల్లో దొరుకుతుంది, ఫోనులోనూ కొలవచ్చు. వాలు తీరును బట్టి రంగులు వేసిన పటాలు ఇప్పుడు ఇంటి దగ్గరే చూసుకోవచ్చు. బయల్దేరకముందే తప్పుకోగలిగిన ముప్పు ఇది.

డిగ్రీలతో పాటు చూడాల్సినవి నాలుగు. గాలి ఏ వైపు నుంచి వీస్తోంది? ఆకాశం నుంచి పడేదానికి పదింతల వేగంతో గాలి మంచును మోసి గట్టు చాటున పోయగలదు. వాలు ఎటు చూస్తోంది? మన అర్ధగోళంలో ఉత్తరముఖపు వాలుకు చలికాలంలో ఎండ తగలదు, బలహీన పొరలు అక్కడ ఎక్కువకాలం నిలుస్తాయి. కింద ఏముంది? ఇరుకు గాడి ఉంటే చిన్న చరియ కూడా మనిషిని పది అడుగుల లోతున పాతేస్తుంది, లోయ అంచు ఉంటే విసిరేస్తుంది. పైన ఏముంది? మనం నడిచేది చదునే కావచ్చు. కానీ పైనున్న వాలు నుంచి వచ్చేది చదును మీద కూడా చాలా దూరం పరుగెత్తుతుంది.

ఈ చివరి ప్రశ్నను మరచిపోయిన చోటే పెద్ద పెద్ద విషాదాలు జరిగాయి. 1979 మార్చిలో లాహౌల్ లోయలో 200 మందికి పైగా, 2005 ఫిబ్రవరిలో కశ్మీర్‌లోని వాల్టెంగు నార్ గ్రామంలో 150 మందికి పైగా చనిపోయారు. వాళ్ళెవరూ కొండెక్కుతున్నవాళ్ళు కారు, ఇళ్ళలో ఉన్నవాళ్ళు. ఐరోపాలోనూ అంతే. 1999 ఫిబ్రవరి 23న ఆస్ట్రియాలోని గాల్టూర్ గ్రామం మీద చరియ పడి 31 మంది పోయారు.

గొయ్యి తవ్వి చూస్తే

మంచు నిలకడను నేరుగా పరీక్షించాలంటే గొయ్యి తవ్వాలి. ముప్పు లేని చోట, మనం దాటదలచిన వాలును పోలిన చిన్న వాలు ఎంచుకుంటారు. మీటరు, మీటరున్నర లోతు తవ్వి, ఎగువ గోడను పారతో నున్నగా చెక్కుతారు. పిడికిలి, నాలుగు వేళ్ళు, ఒక వేలు, పెన్సిలు, కత్తి. వీటిలో ఏది సులువుగా దిగుతుందో చూసి ఒక్కో పొర గట్టిదనం రాసుకుంటారు. గట్టి పొర కింద పిడికిలి దిగే పొర కనిపిస్తే చూపు అక్కడ ఆగాలి. రేణువుల్ని నల్లటి పలక మీద పోసి భూతద్దంతో చూస్తారు, ఉష్ణోగ్రతలు 10 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున తీస్తారు.

తర్వాత పరీక్ష. ఇప్పుడు ఎక్కువగా వాడేది రాన్ సిమెన్‌హోయిస్, కార్ల్ బర్క్‌లాండ్ 2006లో పరిచయం చేసిన విస్తృత స్తంభ పరీక్ష. వాలుకు అడ్డంగా 90 సెంటీమీటర్లు, ఎగువకు 30 సెంటీమీటర్లు కొలిచి, ముడులు వేసిన తాడుతో కోసి ఆ దిమ్మెను విడదీస్తారు. ఒక కొసన పార బోర్లించి, మణికట్టు ఆధారంగా 10 దెబ్బలు, మోచేతి నుంచి 10, భుజం నుంచి 10 వేస్తారు. ఎన్నో దెబ్బకు పగిలిందన్నది రెండో సంగతి. పగులు పుట్టిన దెబ్బకే, లేదా ఆ పక్క దెబ్బకే అది దిమ్మె ఈ కొస నుంచి ఆ కొస దాకా గీత గీసినట్టు పరుగెత్తిందా అన్నదే అసలు సంగతి. పార కింద మాత్రమే నలిగి ఆగిపోతే ఊరట. చివరిదాకా పరుగెత్తితే ఆ వాలు జోలికి పోకూడదు.

కాల్గరీ విశ్వవిద్యాలయంలో గోథియే, జేమీసన్ రూపొందించిన రంపపు పరీక్ష ఇంకో పద్ధతి. మీటరు పొడవు దిమ్మెలో బలహీన పొర వెంట రంపాన్ని పైకి లాగుతూ పోతారు. సగం దూరం కోయకముందే మిగతా సగం దానంతటదే పగిలితే పొర పగులును మోసుకుపోయే రకమని తేలుతుంది. స్విస్ సైన్యం నుంచి వచ్చిన పాత పద్ధతిలో రెండు మీటర్ల వెడల్పు దిమ్మె మీదికి స్కీలతో మనిషే ఎక్కి గెంతుతాడు.

ఇన్ని పరీక్షలకూ ఒకే బలహీనత ఉంది. దిమ్మె వెడల్పు మీటరో, రెండో, వాలు వెడల్పు వంద మీటర్లు. గాలి చెక్కిన చోట మంచు పలచన, పోసిన చోట మందం. పది అడుగుల దూరంలోనే ఫలితం మారవచ్చు. బలహీన పొర మందపు పలక కింద మనిషి బరువు అందనంత లోతున ఉండి, అంచుల్లో, రాళ్ళ చుట్టూ పలచబడిన చోట మాత్రం అందుబాటులోకి రావచ్చు. మందపు చోట తవ్విన గొయ్యి ‘ఫరవాలేదు’ అంటుంది, పలచటి చోట వేసిన అడుగు మొత్తం వాలును కదిలిస్తుంది. దీన్నిబట్టి ఈ రంగంలో ఇప్పుడు దాదాపు అందరూ ఒప్పుకునే సూత్రం ఏర్పడింది: పరీక్ష ‘వద్దు’ అంటే నమ్మాలి, ‘వెళ్ళు’ అంటే నమ్మకూడదు. రద్దు చేసుకునే అధికారమే దానికి ఉంది, అనుమతి ఇచ్చే అధికారం లేదు.

హైదరాబాద్ నుంచి ఏడాదికోసారి వెళ్ళే మనిషికి ఈ గొయ్యి వల్ల ఒరిగేది ఇంకా తక్కువ. భువనగిరి కోట బండ మీద పర్వతారోహణ నేర్చుకున్నవాళ్ళు మనకు చాలామందే ఉన్నారు. 2014లో ఎవరెస్టు ఎక్కిన గురుకుల విద్యార్థులు పూర్ణ, ఆనంద్ తొలి అడుగులూ అక్కడివే. బండ తన గట్టిదనాన్ని చేతికి చెబుతుంది. మంచు దాచిపెడుతుంది. దాన్ని చదవడానికి ఒకే లోయలో ఏళ్ళ తరబడి చలికాలాలు గడపాలి.

బులెటిన్ చెప్పేది, చెప్పనిది

ఒంటరి మనిషికి లేని చూపు సంస్థకు ఉంటుంది. వందల చోట్ల కొలతలు, వాతావరణ నమూనాలు, జరిగిన చరియల వివరాలు కలిపి రోజువారీ ముప్పు స్థాయిని ప్రకటిస్తారు. ఐరోపా దేశాలు 1993లో అయిదు మెట్ల కొలమానాన్ని ఒప్పుకున్నాయి. మన దగ్గర డీజీఆర్‌ఈ జమ్మూకశ్మీర్, లద్దాఖ్, హిమాచల్, ఉత్తరాఖండ్, సిక్కిం ప్రాంతాలకు రంగులతో హెచ్చరికలు ఇస్తుంది.

ఈ కొలమానంలో ఒక మెలిక ఉంది. మెట్లు సమానం కావు, ఒక్కో మెట్టుకూ ముప్పు రెట్టింపుకు పైగా పెరుగుతుంది. మూడో మెట్టు అయిదింటికి నట్టనడుమ ఉంది గనుక ‘మధ్యస్థం’ అని తోస్తుంది. స్విట్జర్లాండ్‌లో మరణాల్లో సుమారు సగం ఈ మూడో మెట్టు రోజుల్లోనే జరుగుతున్నాయి. నాలుగూ అయిదూ ప్రకటించిన రోజున జనం ఇళ్ళలో ఉంటారు. మూడో మెట్టు రోజున వాలు ఒక్క మనిషి బరువుకు జారే స్థితిలో ఉంటుంది, ఆకాశం చూస్తే నిర్మలంగా ఉంటుంది.

బులెటిన్‌ను వాలుతో ముడిపెట్టిన ఘనత స్విస్ గైడు వెర్నర్ మున్టర్‌ది. 1990లలో ఆయన ఇచ్చిన సూత్రం సారాంశం ఇది: ముప్పు రెండో మెట్టయితే 40 డిగ్రీల లోపు వాలులోనే ఉండు, మూడయితే 35 లోపు, నాలుగయితే 30 లోపు. పొరల శాస్త్రం తెలియని మనిషి కూడా దీన్ని పాటించగలడు. ఇది మొరటు లెక్క, ఎన్నో మంచి వాలులను అనవసరంగా వదులుకోమంటుందని నిపుణులు విమర్శించారు. విమర్శ నిజమే. వాళ్ళే ఇప్పుడు రోజువారీ ముప్పును రకాలుగా విడదీసి చెబుతున్నారు: కొత్త మంచు, గాలి పోసిన మంచు, మొండి బలహీన పొర, తడి మంచు, నేలపై జారే మంచు. రకం తెలిస్తే ఏ ముఖపు వాలు తప్పించుకోవాలో తెలుస్తుంది. నిత్యం అక్కడే తిరిగేవాళ్ళకు ఈ విడమరపు మేలు. ఎప్పుడో ఒకసారి వెళ్ళే మనకు మున్టర్ మొరటు లెక్కే భద్రం.

బులెటిన్‌కూ పరిధి ఉంది. అది వందల చదరపు కిలోమీటర్లకు చెబుతుంది, మన ముందున్న వాలు గురించి చెప్పదు. మన హిమాలయంలో కొలత కేంద్రాలు ఆల్ప్స్‌లో ఉన్నంత దట్టంగా లేవు. పైగా పాత అనుభవమే దారితప్పుతోంది. మనాలీ పైన సోలాంగ్ లోయ చెట్ల వలయాల్లో చరియలు మిగిల్చిన గాయాలను లెక్కగట్టి 2018లో వెలువడిన అధ్యయనం, వేడెక్కుతున్న చలికాలాలతో పాటు అక్కడ చరియలు పెరిగాయని చూపింది. ‘తాతల కాలం నుంచీ ఇక్కడ పడలేదు’ అన్న మాటకు ఇక బలం తగ్గినట్టే.

తెలిసీ వెళ్ళేదెందుకు

అమెరికాలో ఇయాన్ మెకామన్ 1972 నుంచి 2003 దాకా జరిగిన 715 ప్రమాదాలను తిరగేశాడు. చాలా చోట్ల ముప్పు గుర్తులు కళ్ళెదుటే ఉన్నాయి, చాలామందికి వాటి గురించి తెలుసు. అయినా వెళ్ళారు. అలవాటైన వాలు, ముందే పెట్టుకున్న లక్ష్యం, బృందంలో అనుభవజ్ఞుడున్నాడన్న భరోసా, ముందు వెళ్ళినవాళ్ళ అడుగులు, నలుగురిలో వెనక్కి తగ్గలేని మొహమాటం. కారణాలు ఇవీ. తెలిసిన చోట శిక్షణ పొందిన బృందాలు కూడా శిక్షణ లేనివాళ్ళంతగానే ముప్పులోకి నడిచాయన్నది ఆయన గమనించిన చేదు నిజం.

మన ట్రెక్కింగ్‌కు ఇది మరీ వర్తిస్తుంది. సెలవులు నెలల ముందే పెట్టుకుంటాం, డబ్బు కట్టేస్తాం, శిఖరం మీద ఫొటో లేకపోతే వెళ్ళనట్టే అనుకుంటాం. గైడు ‘సార్, ఈరోజు వద్దు’ అంటే బృందంలో పదిమందీ అతని మీద పడతారు. అతని కూలి, రేటింగు ఆ పదిమంది చేతిలోనే ఉంటాయి. శిఖరానికి పోని రోజుకు కూడా పూర్తి కూలి ఇస్తామని ముందే చెప్పడం, బృందంలో ఏ ఒక్కరు వద్దన్నా ఆగాలని బయల్దేరకముందే ఒప్పుకోవడం ఏ పరికరానికీ తీసిపోని రక్షణ.

అనుభవం దండిగా ఉన్నంత మాత్రాన ముప్పు తప్పదనడానికి 2022 అక్టోబరు 4 సాక్ష్యం. ఉత్తరకాశీ జిల్లా ద్రౌపదీ కా దండా శిఖరం దగ్గర నెహ్రూ పర్వతారోహణ సంస్థ శిక్షణ బృందం మీద చరియ పడింది. 27 మృతదేహాలు దొరికాయి, ఇద్దరి ఆచూకీ లేదు. చనిపోయినవారిలో అదే ఏడాది ఎవరెస్టు ఎక్కి వచ్చిన శిక్షకురాలు సవితా కన్స్వాల్ ఉంది.

మొదటి పది నిమిషాలు

కూరుకుపోయినవాళ్ళలో ఎక్కువమంది చనిపోయేది ఊపిరాడకే. స్విస్ గణాంకాల ప్రకారం పది నిమిషాల్లోపు బయటికి తీస్తే పదిమందిలో తొమ్మిదిమంది బతుకుతారు, అరగంట అయ్యేసరికి ఆ అవకాశం మూడో వంతుకు పడిపోతుంది. హెలికాప్టరు ఎంత త్వరగా వచ్చినా ఆ పది నిమిషాల్లో రాదు. పక్కనున్నవాడే రక్షకుడు. అతని దగ్గర 457 కిలోహెర్ట్జ్ మీద పనిచేసే ట్రాన్స్‌సీవర్, పొడిచి చూసే పొడవాటి కడ్డీ, లోహపు పార మూడూ ఉండాలి, వాడటం చేతికి అలవాటై ఉండాలి. ఒక్కటి లేకపోయినా మిగతా రెండూ దండగే. ఆగిన మరుక్షణం చరియ గట్టిపడిపోతుంది, చేతులతో తవ్వడం కుదరదు.

వాలును ఎంచుకోలేనివారు

ఇంతవరకూ చెప్పిన జ్ఞానమంతా ఒక ఊహ మీద నిలబడింది: ముప్పు కనిపిస్తే మనిషి దారి మార్చుకోగలడు. ట్రెక్కింగ్‌కు వెళ్ళేవాడికి అది నిజం. జవానుకు, రోడ్డు కూలీకి, బడి పిల్లకు అది నిజం కాదు.

2025 ఫిబ్రవరి 28 సంగతే తీసుకుందాం. బదరీనాథ్ పైన మాణా దగ్గర సరిహద్దు రోడ్ల సంస్థ పనివాళ్ళ శిబిరం మీద చరియ పడింది. కంటైనర్లలో ఉన్న 54 మందిలో 46 మందిని సైన్యం, సహాయక దళాలు కాపాడాయి, 8 మంది పోయారు. అంతకుముందు సాయంత్రమే చమోలీ జిల్లా ఎత్తైన ప్రాంతాలకు 24 గంటల హెచ్చరిక వెలువడి ఉంది. అంటే శాస్త్రం తన వంతు పని చేసింది. ఆ హెచ్చరిక రాత్రికి రాత్రి శిబిరాన్ని ఖాళీ చేయించే ఆదేశంగా మారలేదు. 2023 జనవరి 12న సోనామర్గ్ దగ్గర సర్బల్‌లో జోజిలా సొరంగం పనివాళ్ళు ఇద్దరు చరియ కింద చనిపోయారు. ఇలాంటి చోట్ల కూలీకి గొయ్యి తవ్వే పరీక్ష నేర్పి లాభం లేదు. శిబిరం ఎక్కడ వేయాలో, ఏ రంగు హెచ్చరికకు ఎవరు ఎన్ని గంటల్లో ఖాళీ చేయించాలో కాంట్రాక్టులోనే రాసి ఉండాలి. సిక్కింలో సైన్యం, డీజీఆర్‌ఈ కలిసి 2022లో పెట్టిన రాడార్ చరియ కదిలిన మూడు సెకన్లలో పసిగట్టగలదు. దారిని మూసేయడానికి అది చాలు, నిద్రలో ఉన్న మనిషిని లేపి బయటికి పంపడానికి చాలదు.

పిల్లల విషయంలో కెనడా నేర్చుకున్న పాఠం మనకు నేరుగా పనికొస్తుంది. 2003 ఫిబ్రవరి 1న రోజర్స్ పాస్ దగ్గర లోయ అడుగున స్కీల మీద వెళ్తున్న పాఠశాల బృందం మీద పై నుంచి చరియ పడి ఏడుగురు విద్యార్థులు చనిపోయారు. ఆ తర్వాత అక్కడి జాతీయ ఉద్యానవనాల శాఖ మంచు పరీక్షల్ని పక్కనపెట్టి భూభాగాన్నే వర్గీకరించింది: సాధారణం, కఠినం, సంక్లిష్టం. బడి పిల్లల్ని చలికాలంలో కఠిన భూభాగానికి తీసుకెళ్ళాలంటే ధ్రువీకరణ పొందిన గైడు ఉండాలి, సంక్లిష్టంలోకి అసలు తీసుకెళ్ళకూడదు. ఆ రోజు మంచు ఎలా ఉందన్న వాదనకే తావు లేకుండా చేశారు.

మాలావత్ పూర్ణ 13 ఏళ్ళ 11 నెలల వయసులో, ఖమ్మం జిల్లా సాధనపల్లి ఆనంద్‌కుమార్‌తో కలిసి 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. 16 ఏళ్ళ లోపువారికి నేపాల్ అనుమతి లేదు, ఎక్కింది టిబెట్ వైపు నుంచి. ఖుంబు దుర్ఘటన జరిగిన దారి వాళ్ళది కాదు. ఆ విజయం తర్వాత మన గురుకులాల్లో, కళాశాలల్లో పర్వతాల మీద మోజు పెరిగింది, పెరగాల్సిందే. అయితే పిల్లల్ని ఏ తరగతి భూభాగానికి, ఏ ముప్పు స్థాయి దాకా పంపవచ్చో చెప్పే రాతపూర్వక నియమం కూడా ఆ మోజుతో పాటే రావాలి.

తేలినదేమిటి

మంచు పొరలు ఎలా పుడతాయో, పగులు ఎలా పరుగెత్తుతుందో శాస్త్రం చాలావరకు తేల్చింది. ఫలానా వాలు ఫలానా గంటకు జారుతుందని చెప్పడం ఇవాళ ఎవరి తరమూ కాదు. ఈ రెండింటి మధ్య ఉన్న ఖాళీని పూడ్చేది వాలు కొలత, బులెటిన్, వెనక్కి తిరిగే అలవాటు. మైదానం నుంచి వెళ్ళే తెలుగువాళ్ళకు ఈ మూడూ చాలు, నాలుగోదాని మీద ఆశ పెట్టుకోకూడదు. ట్రెక్కింగ్ సంస్థను ఎంచుకునేటప్పుడు అడగాల్సినవి కూడా ఇవే: దారిలో 30 డిగ్రీలు దాటే వాలులు ఎక్కడెక్కడ ఉన్నాయి, రోజూ హెచ్చరిక చూసేదెవరు, ఏ స్థాయికి ప్రయాణం ఆపేస్తారు, ట్రాన్స్‌సీవర్లు ఎందరికి ఇస్తారు? జవాబు తడబడితే డబ్బు వెనక్కి అడగడమే మంచిది.

జవాను, కూలీ, విద్యార్థి ఈ ప్రశ్నలు అడగలేరు. వాళ్ళను అక్కడికి పంపిన సంతకం ఎవరిదో వాళ్ళే అడగాలి, జవాబు కాగితం మీద ఉంచాలి. హెచ్చరిక వెలువడిన గంట, అది శిబిరానికి చేరిన గంట, ఖాళీ చేయించిన గంట. ప్రతి ప్రమాదం తర్వాత ఈ మూడూ బయటపెట్టే పద్ధతి వస్తే మంచు చరియల మరణాల్లో ప్రకృతి వంతెంతో, మన వంతెంతో విడివిడిగా లెక్క తేలుతుంది.